ఇరవై ఒక్క చెల్లని ఓట్లు

సభకు అధ్యక్షత వహిస్తున్న మా ప్రధానోపాధ్యాయులు గణపతిరావుగారికి, డుంబ్రిగుడ సంత మానుకుని మరీ వచ్చిన పెద్దలకు, తోటి ఉపాధ్యాయులకు, భోజనాలు ఎప్పుడు పెడతారా అని కిటికీల్లోంచి చూస్తున్న పిల్లలకు నమస్కారం. (నవ్వులు)

ఇంతసేపూ వక్తలందరూ ఇవాళ రిటైరవుతున్న ఈ సర్వేశ్వరరావు మాస్టారు, అంటే నేను, పిల్లలకు ఇంగ్లీషూ నేర్పాడు, ప్రజాస్వామ్యమూ నేర్పాడు అన్నారు. శాలువా కప్పేశారు కాబట్టి, వెనక్కి తీసుకోరన్న ధైర్యంతో ఒక నిజం చెబుతాను. ఈ బడిలో ఒకసారి ఎన్నికల్లో మోసం జరిగింది. చేసింది నేనే.

పదేళ్ళ కిందటి మాట. ఎనిమిదో తరగతిలో నలభై రెండు మంది. సగం మందికి ఇంట్లో మాట్లాడేది కొండభాష కువి, తెలుగు బడిలో నేర్చుకున్నది, ఇంగ్లీషు నా దగ్గర పడుతున్న కష్టం. ఎన్నికల పాఠం వచ్చింది. చదివితే ఏం వస్తుంది, జరిపిస్తే వస్తుందని తరగతి నాయకురాలి పదవికి ఎన్నిక పెట్టాను. ప్రచారం, ఓటు, అన్నీ ఇంగ్లీషులోనే అన్నాను. పైకి అది బోధన. లోపల సంగతి వేరు. ఆ నెలలో పై అధికారి తనిఖీకి వస్తున్నారు. అరకు బజారులో కిరాణా దుకాణం వాళ్ళమ్మాయి హారిక, కాన్వెంటులో చదివి వచ్చింది, ఇంగ్లీషు గలగలా మాట్లాడుతుంది. ఆ పిల్ల నాయకురాలై ఎదురెళ్ళి పలకరిస్తే అధికారి నన్ను మెచ్చుకుంటారు, మెచ్చుకుంటే నాకు కొండ దిగి బొబ్బిలి వైపు బదిలీ అవుతుంది. ఇదీ నా పౌరనీతి. (నవ్వులు)

పోటీకి ఇంకెవరూ లేవరనుకుంటే కొండ మీది ఊరి నుంచి వచ్చే రత్నాలు లేచింది. హారిక పది నిమిషాలు దంచేసింది. రత్నాలు వచ్చి నిలబడి, ఏడు మాటలే మాట్లాడింది. "మండే ఎగ్. వెడ్నెస్‌డే ఎగ్. ఫ్రైడే ఎగ్, వేర్?"

మధ్యాహ్న భోజనంలో వారానికి పెట్టాల్సిన మూడు గుడ్లలో శుక్రవారం గుడ్డు ఎప్పుడూ మాయమే. తరగతి గొల్లుమంది. అధ్యక్షులవారు ఇప్పుడు నవ్వుతున్నారు గానీ, ఆ రోజు తలుపు దగ్గర నిలబడి విన్నప్పుడు నవ్వలేదు. (నవ్వులు)

నాకు కంగారు పుట్టింది. అప్పటికప్పుడు ఒక నియమం పెట్టాను. అభ్యర్థి పేరు ఇంగ్లీషులో తప్పు లేకుండా రాస్తేనే ఓటు చెల్లుతుంది! హారిక పేరు రాయడం తేలిక. రత్నాలు పేరును పిల్లలు ఎన్ని రకాలుగా రాశారో చెప్పలేను. ఒకమ్మాయి మొదటి మూడు అక్షరాలు ఆర్, ఏ, టీ రాసి ఆగిపోయింది. అప్పుడది ఎలుక అవుతుంది. ఆ ఎలుకనూ కొట్టేశాను. హారికకు పదమూడు, రత్నాలుకు ఎనిమిది, చెల్లనివి ఇరవై ఒకటి. హారిక గెలిచిందని ప్రకటించి, చప్పట్లు కొట్టమన్నాను. ఎవరూ కొట్టలేదు.

రత్నాలు చెయ్యెత్తింది. "సార్, మాయమ్మకి..." అని మొదలెట్టింది. "ఇన్ ఇంగ్లీష్, ప్లీజ్" అన్నాను. అలాగైతే నోరు మూస్తుందని నా ధీమా. ఆ పిల్ల కాసేపు పైకప్పు వంక చూసి, మాటలు ఒక్కొక్కటే ఏరుకుని అడిగింది.

"మై మదర్ నో రైటింగ్. మై మదర్ వోటింగ్. హౌ?"

నాకు జవాబు తెలుసు. ఎన్నికల విధులకు ఎన్నిసార్లు వెళ్ళలేదు! అక్షరం రానివాళ్ళు ఓటు పోగొట్టుకోకూడదనే కదా గుర్తులు పెట్టింది. తెలిసే కొట్టేశాను. నేను సుద్దముక్క వెతుక్కుంటుంటే గెలిచిన హారికే లేచింది. "ఏటి మాస్టారూ ఇది? రాయడం రానోల్ల ఓట్లు కొట్టేసి నన్ను గెలిపిత్తే అదేటి గెలుపు? మల్లీ ఎట్టండి, బేగి!"

మళ్ళీ పెట్టాను. హారిక గులాబీ గుర్తు అడిగింది. రత్నాలు ఏం అడిగిందో మీకు చెప్పనక్కర్లేదు, గుడ్డు గీయడం నాకూ తేలికే. రత్నాలుకు ఇరవై నాలుగు, హారికకు పద్దెనిమిది. చెల్లనిది ఒక్కటీ లేదు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నా తరగతి మొత్తం పాసైన పరీక్ష అదొక్కటే.

తనిఖీ రోజున రత్నాలే ఎదురెళ్ళి అధికారికి గుడ్ మార్నింగ్ చెప్పింది. ఆయన ముచ్చటపడి "ఎనీ ప్రాబ్లమ్?" అన్నారు. అడక్కుండా ఉండాల్సింది. నాకు బదిలీ రాలేదు. శుక్రవారం గుడ్డు వచ్చింది. (నవ్వులు, చప్పట్లు)

తర్వాత బదిలీకి నేను మళ్ళీ దరఖాస్తు పెట్టలేదు. ఎందుకని మా ఆవిడ లక్ష్మి చాలాసార్లు అడిగింది. కాఫీ తోటల చల్లగాలి అని చెప్పేవాణ్ణి. అది అబద్ధం. ఇక్కడి పిల్లల దగ్గర నేను నేర్చుకోవలసింది ఇంకా ఉందని భార్యతో చెప్పుకోవడానికి మాస్టారికి నామోషీ.

ఇన్నేళ్ళూ పిల్లల చేత ఇంగ్లీషులో క్షమాపణలు వంద సార్లు రాయించాను. ఆ ఇరవై ఒక్క మందికి మాత్రం నేను ఒక్కసారీ చెప్పలేదు. రత్నాలు ఇప్పుడు పాడేరులో నర్సు. అదిగో, వెనక వరసలో కూర్చుంది. అమ్మా రత్నాలూ, నువ్వు గెలిచావని తెలిసే ఆ రోజు నిన్ను ఓడించాను. తప్పు చేశాను. సారీ.

ఈ సభ ఏర్పాటు చేసిన మిత్రులకు, నన్ను భరించిన ఈ కొండలకు, నాకు మార్కులు వేసిన పిల్లలకు కృతజ్ఞతలు. ఇంకా రెండు మాటలు చెబుదామనుకున్నాను గానీ, అక్కడ రత్నాలు చెయ్యెత్తుతోంది. (నవ్వులు) ఆ చెయ్యి ఎత్తితే ఏమవుతుందో నాకు తెలుసు. అందుకని అధ్యక్షా, ఆ పిల్ల అడగకముందే, సెలవు!