లోపల మొలిచిన మీసం

ఏంటమ్మలూ, దాన్ని అటక మీంచి దించేశావా? మెల్లిగా పెట్టు తల్లీ. అది మా అక్క వంటింటి రేడియో. తిప్పకు, నువ్వెంత చెవి మెలేసినా పలకదు. ఎందుకు పలకదంటే మా బావగారి సంగతి చెప్పాలి, అంటే అక్క మొగుడు, నువ్వు పుట్టకముందే పోయారులే. పాత కార్లలో రేడియోలు బాగుచేసేవారు. ముందుగది బల్ల నిండా పేగులు బయటపెట్టుకున్న రేడియోలే, కాళ్లు చాపుకునే చోటుండేది కాదు. 'ఇది ఇల్లా, కార్ల ఆసుపత్రా' అని అక్క విసుక్కునేది. ఆయన నవ్వేసి ఊరుకునేవారు. కోపం రావడమే తెలీదు ఆ మనిషికి. మీ తాతయ్యకి మాత్రం... సరే, ఆ మాట ఇప్పుడెందుకు.

ఆ, ఏం చెప్తున్నాను? ఇది ఎందుకు పలకదనీ. అంతా ఒక మీసం వల్ల. ఒకరోజు ఒక ముసలి డ్రైవరు వచ్చాడు, బుగ్గలు దాటి చెవులదాకా మీసాలేసుకుని. తను పనిచేసిన ఇంటివాళ్లు కారు పాతబడిందని అతనికే ఇచ్చేశారట. ఇంజను ఎప్పుడో పోయింది, చక్రాల్లో గాలి లేదు. అయినా బ్యాటరీ ఒక్కటీ ఛార్జి చేయించుకుని, సాయంత్రమైతే స్టీరింగు ముందు కూర్చుని రేడియో వినేవాడు. కొడుకు కొత్త రేడియో కొనిస్తానన్నా వద్దన్నాడు. 'ఆ సీట్లో కూర్చుని ఆ రేడియో వింటుంటే ఇంకా బండి నడుపుతున్నట్టే ఉంటుందయ్యా' అన్నాడు. అది కాస్తా మూగబోయింది. బావగారు విప్పి చూస్తే ట్రాన్సిస్టర్ పోయింది. చేత్తో పట్టుకునే రేడియో కాదే, లోపల శనగగింజంత రేకు డబ్బా ఉంటుంది, నాలుగు సన్నటి కాళ్లతో, అది. ఆ రకం వాటికి పాతబడితే లోపల వెంట్రుకల్లాంటివి మొలుస్తాయట, అవి డబ్బాకి తగిలితే నోరు పడిపోతుంది. వాటిని ఈయన మీసాలనేవారు. అలవాటైన మాట కదా, ఎదుటివాడికీ తెలుసనుకుని అనేశారు: 'మీసం పెరిగిందయ్యా, అదే అడ్డం. మీసం పోతే పాడుతుంది.' డ్రైవరు మీసం నిమురుకుంటూ వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున్నే గుమ్మంలో ఎవరో కొత్త మనిషి, మూతి నున్నగా, అక్కడక్కడా గాట్లు. 'తీసేశానయ్యా. ఇప్పుడు పాడుతుందా?'

నవ్వకే! సరే, నేనూ నవ్వాను, అప్పుడు అక్కావాళ్లింట్లోనే ఉన్నాను, తలుపు వెనక్కి పోయి మరీ నవ్వాను. బావగారు మాత్రం నవ్వలేదు. ఆ మూతి మీది గాట్లు చూసి, 'పాడుతుంది, తప్పకుండా పాడుతుంది' అన్నారు. అతను వెళ్లాక అక్కతో, 'నా నోటి మాటకి అంత మీసం తీసేసుకున్నాడు. ఇక అది పాడకపోతే నేను ఆ బల్ల ముందు కూర్చోడం దండగ' అన్నారు. ఇక మొదలైంది వేట. పాత సామాన్ల కొట్లన్నీ గాలించారు. సీలు విప్పని పొట్లాల్లో దొరికినా అన్నిటికీ మీసాలే! ఇంకో రకం పెడితే గుర్రుమనడం తప్ప పాటన్నది లేదు. చివరికి మీసం మొలవని ఆ రకంది ఎక్కడుందంటావ్? ఇదిగో, ఇందులో. పెళ్లైన కొత్తలో అక్క కోసం ఆయనే చేసిన రేడియో. పొయ్యి ముట్టించకముందే అక్క దీని చెవి తిప్పేది. ఎలా అడుగుతారు? అడగలేదు. వంటింట్లోకి వస్తారు, దీని వంక చూస్తారు, మంచినీళ్లు తాగి వెళ్లిపోతారు. మళ్లీ వస్తారు. 'ఎన్ని నీళ్లు తాగుతారండీ' అని అక్కే గరిటె పక్కన పడేసి, దీన్ని తెచ్చి బల్ల మీద పెట్టింది. 'తీసుకోండి. ఆ బోడి మూతి నేనూ చూడలేకపోతున్నాను' అంది.

ఆ సాయంత్రం డ్రైవరు కార్లో పాట వీధి చివరిదాకా వినబడింది. ఇక్కడేమో వంటిల్లు చిన్నబోయింది. మర్నాడు అక్క పొయ్యి ముట్టించిందో లేదో, గడప దగ్గర 'గుర్ర్... కీచ్...' మని చప్పుడు. చూస్తే బావగారు పేపరు పట్టుకుని కూర్చుని, 'వార్తలు, చదువుతున్నది మీ ఆయన' అని మొదలెట్టారు. మధ్యలో స్టేషను జారిపోయినట్టు గొంతు తగ్గించడం, అక్క వచ్చి ఆయన చెవి పట్టుకుని తిప్పడం! రోజూ అదే తంతు. బతికున్నన్నాళ్లూ మానలేదమ్మలూ. అలాంటి మనిషిని నేను మళ్లీ చూళ్లేదు.

కొన్నాళ్లకి మంచి ట్రాన్సిస్టర్ దొరికింది. అదిగో, మూత లోపల అంటించిన చిన్న పొట్లం, అదే. 'పెట్టెయ్యనా' అని ఆయన అడిగితే అక్క 'ఇప్పుడేం తొందర' అంది. ఎప్పుడడిగినా అదే మాట. ఆయన పోయాక నేనే అన్నాను, 'అక్కా, ఇల్లు బోసిగా ఉంది, ఎవరిచేతనైనా పెట్టిద్దాం, పలుకుతుంది' అని. అక్క దీన్ని కొంగుతో తుడిచి, 'పలుకుతుందే. కానీ అందులో వేరే ఎవరో పలుకుతారు' అంది.

...

ఆ మూత బిగించెయ్ తల్లీ. మెల్లిగా. పొయ్యి మీద పాలు పెట్టాను, పొంగుతున్నట్టున్నాయి చూడు.