నకలు రివాల్వరు

జర్మనీలోని ఇల్మెనౌలో షూటింగ్ క్లబ్బుకి ఏడాది తిరిగాక అతనికి లైసెన్సు వచ్చింది. కొనబోయే రివాల్వరు ఫొటో భార్యకు చూపించాడు.

"పాతదా అండీ?"

"కొత్తదే. నూటయాభై ఏళ్ల కిందట మందు కూరి పేల్చే రివాల్వర్లను తూటాలు పట్టేలా మార్చారు. ఇది వాటికి నకలు."

"నకలంటే బొమ్మేగా?"

"నిజంగానే పేలుతుంది. ఇంట్లో సేఫ్‌లో పెట్టాలి."

"తాళం?"

"నా దగ్గరే ఉంటుంది. ఇంట్లో పిల్లలు కూడా లేరు, భయమెందుకు?"

"పిల్లల గురించి కాదు. పోయిన చలికాలం నేనెలా ఉన్నానో మీకు తెలుసుగా."

తెలుసు. బతకాలని లేదన్న ఆమెను డాక్టరు అపాయింట్‌మెంట్లకు తీసుకెళ్లింది అతనే. ఫోను పక్కన పెట్టేశాడు.

"వద్దులే. క్లబ్బు తుపాకీతోనే కాలుస్తాను."

"కోపమొచ్చిందా?"

"లేదు. నోరు విప్పి చెప్పావు, అదే చాలు."

"ఈ చలికాలం మళ్లీ అలా అనిపిస్తే ముందే చెప్తాను" అంది ఆమె.