ఖాళీ క్యాన్

నీళ్లతను నిండు క్యాన్ దించి, ఖాళీది వ్యాన్‌లో వేసుకెళ్లాడు. అది ఉన్నచోట గుమ్మం మీద నల్లటి జిడ్డు చూసి, ఆమె బైకు దగ్గరున్న భర్తను కేకేసింది.

"ఏవండీ, బైకులోంచి తీసిన పాత ఆయిల్ ఏం చేశారు?"

"కాలవలో పొయ్యలేదులే. బుద్ధిగా మెకానిక్‌కి ఇచ్చొచ్చా."

"దేంట్లో పట్టుకెళ్లారు?"

"ఖాళీ నీళ్ల క్యాన్‌లో. సబ్బేసి కడిగి గుమ్మంలోనే పెట్టాగా."

"కడిగాక వాసన చూశారా?"

"అదీ... లేదు."

"మళ్లీ అందులోనే నీళ్లు నింపుతారండీ! నీళ్లతనికి చేస్తుంటే ఫోనెత్తట్లేదు."

"అతని మధ్యాహ్నం ట్రిప్పు ఎక్కడికి?"

"మన పాప బడికి."

"పద, ఆ నీళ్లు నింపే ప్లాంటుకే పోదాం."

"ముందు బండి తియ్యండి!"

"కొత్త ఆయిల్ ఇంకా పొయ్యలేదే."