ఓబులేసు తీర్చిన సోమాలియా పంచాయతీ

ఆళ్ళగడ్డ నాలుగు రోడ్ల కాడ హన్నమ్మ టీ అంగట్లో పాలు పొంగినా పొంగకపోయినా, పొద్దున ఏడింటికల్లా ఓబులేసు పొంగడం మాత్రం ఖాయం. రుద్రవరం పక్కన ఆరెకరాల అరటితోట ఉన్న ఆసామి. ఆ తోటకు నీళ్ళు ఎవరు కడతారో దేవుడికే తెలియాలి, ఆయన మాత్రం బెంచీ మీద కాలు మీద కాలేసుకుని సౌదీలో మొదలుపెట్టి ఎక్కడో తేలుతాడు. పన్నెండేళ్ళ కిందట రెండేళ్ళు ఆయన ఊళ్ళో లేడు. ఆయన చెప్పినవన్నీ జరగాలంటే రెండేళ్ళు కాదు, నూటయాభై ఏళ్ళు అక్కడ ఉండాలి. అవి కోతలని అందరికీ తెలుసు. అయినా మనిషి సౌదీ పోయి వచ్చాడన్నది మాత్రం ఎవరూ అనుమానించలేదు. అంత గడ్డివాము కింద ఒక్క గింజైనా ఉండకపోతుందా అనుకున్నారు.

హన్నమ్మ కూడా సౌదీలో ఉండి వచ్చిన మనిషే. ఒకటి కాదు రెండు కాదు, పదకొండేళ్ళు జెద్దాలో ఉంది. తిరిగొచ్చిన ఆదివారం చర్చిలో ఆడవాళ్ళు చుట్టుముట్టి ఏం పని చేశావని అడిగితే, ఆసుపత్రిలో, తెల్లకోటు వేసుకుని రోగులను చూసుకునే పని అని చెప్పింది. ఒక్కసారే చెప్పింది. ఒక్కసారి చెప్పిన అబద్ధానికి కాళ్ళు మొలిచి అది ఊరంతా తిరిగొచ్చింది. అప్పటి నుంచి ఆమె సౌదీ ఊసెత్తదు. విచిత్రం ఏమిటంటే, ఓబులేసు కూడా ఆమెను ఆ దేశం గురించి ఇంతవరకు ఒక్క మాట అడగలేదు. ఆయనకు చెప్పడమే కానీ అడగడం చేతకాదులే అనుకుని ఆమె ఊరుకుంది.

ఆ రోజు అంగడికి సంజీవయ్య వచ్చాడు. కూలి పనికి పోయే మనిషి, చాకిరీతో నడుం వంగినా మాట వంగనివాడు. వెంట కూతురు వందన. నంద్యాలలో నర్సు కోర్సు పూర్తిచేసి అక్కడే ఒక చిన్న క్లినిక్కులో పనిచేస్తోంది. సంజీవయ్య ఒళ్ళో ప్లాస్టిక్ ఫైలు, అందులో ఆ పిల్ల పాస్‌పోర్టు. పదింటికి నంద్యాల నుంచి ఏజెంటు జీపులో వస్తాడు, ఫైలు అతని చేతిలో పెడితే పని అయిపోయినట్టే.

ఏం పని అని ఎవరో అడిగారు. ఆసుపత్రి పనేనట, జెద్దాలో, "మీ హన్నమ్మ చేసిందే" అని ఏజెంటు చెప్పాడట. ఆ మాట వినగానే హన్నమ్మ పోస్తున్న టీ గ్లాసు నిండి బల్ల మీదికి పొర్లింది.

"అక్కా, నువ్వు పోయొచ్చిన మనిషివి," అన్నాడు సంజీవయ్య. "పోయినోళ్ళు బాగుపడతారా, ఉన్నకాడ ఉన్నోళ్ళు బాగుపడతారా? నాకు ఒక్కతే బిడ్డ. నిజం చెప్పు."

ఆమె నోరు తెరిచేలోపే ఓబులేసు కాలు మీది కాలు దించాడు. ఆయన కాలు దించాడంటే కథ ఎక్కుతున్నట్టు లెక్క.

"సంజీవయ్యా, మనోళ్ళ సంగతి పక్కన పెట్టు. ఈ మాట నీకంటే ముందు నన్ను సోమాలియోళ్ళు అడిగినారు. నేను తీర్పు చెప్తిని. సోమాలియా యాడుందో తెలుసా? మన సముద్రం దాటితే సౌదీ, సౌదీ సముద్రం దాటితే సోమాలియా. ఆడ వానల్లేవు, కొట్లాటలు జాస్తి. అందుకే ఆ జనం తలా ఒక దేశం పట్టుకుని పోయినారు. ఎడారిలో ఒంటెలు మేపేకాడ నాకు తోడుండిన అబ్ది ఆ దేశపోడే. ఒకనాడు వాని ఒంటె పండుకునింది, మూడు దినాలైనా లేయదు. ఒంటెల సేటు కొరడా పట్టుకుని వచ్చె, అబ్ది ఏడుస్తాండాడు. నేను పోయి దాని చెవికాడ వంగి, మన గిత్తలకు చెప్పినట్టే, 'లెయ్ పా, పొద్దు పోతాంది' అంటి. లేసి నిలబడె."

ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు. ఆయన నోరు తెరిస్తే బెంచీ మీది మనుషులే లేచిపోతుంటారు, ఒంటె లేవడం వింతేమీ కాదు.

"తెలుగులోనే చెప్తివా అన్నా?" అన్నాడు డేనియల్. అతను సిమెంటు లారీ డ్రైవరు, లోడు దొరికేదాకా అతనికి ఇదే కాలక్షేపం.

"ఒంటెకు భాషతో ఏం పనప్పా, యాస బాగుంటే సాలు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఆ తర్వాత అబ్ది ఆయన కాళ్ళ మీద పడ్డాడట. ఒంటె మనసు తెలిసినవాడివి, మా మనసు కూడా చూసి చెప్పు, మేము ఈ పరాయి దేశంలో ఉంటే బాగా, మా దేశం పోతే బాగా అని అడిగాడట. ఓబులేసు తొందరపడే మనిషి కాదు కనుక శుక్రవారం రమ్మన్నాడు. శుక్రవారానికి అబ్ది వెంట పన్నెండు మంది వచ్చారు. ఆ పై శుక్రవారం మూడు వందలు. నెల తిరిగేసరికి నలభై వేలు. లండన్లో ఉండే సోమాలియావాళ్ళు, అమెరికాలో ఉండేవాళ్ళు విమానాలు మాట్లాడుకుని వచ్చి ఇసుకలో దిగారు. సేటు ఒంటెల పాకను ఇరవై మైళ్ళు పొడిగించి పందిరి వేయించాడు.

"నేను ఒంటె మీద కూర్చుంటి. పోయినోడే బాగున్నాడనేటోళ్ళు నా ఎడమ పక్కకు రాండి, ఇంటికాడ ఉన్నోడే బాగనేటోళ్ళు కుడి పక్కకు పోండి అంటి. ఒక్కడు, ఒకే ఒక్క ముసిలోడు కుడి పక్కకు పొయ్యె. మిగిలినోళ్ళంతా ఎడమకే. ఆ బరువుకు ఏమైందో తెలుసా? ఎడారి ఎడమకు ఒరిగె. ఒంటెలు, పందిర్లు, సేటు, అందరం సముద్రం దిక్కు జారతాండాం. నేను బేగా కుడి పక్కకు దూకి కాలు ఆనిస్తి కాబట్టి సరిపాయె, లేకుంటే ఈ పొద్దు సౌదీ అనే దేశమే లేదు."

"నువ్వు యాడికి దూకినా ఆడ గుంత పడాల్సిందే అన్నా," అన్నాడు డేనియల్.

"పడె. ఆ గుంతలోనే ఇప్పుడు పెట్రోలు వస్తాంది."

సంజీవయ్య నవ్వలేదు. ఈ గడ్డివాములో తన గింజ ఎక్కడుందా అని వెతుక్కుంటూ వింటున్నాడు. అవసరంలో ఉన్న మనిషికి కోత కూడా కబురులాగే వినిపిస్తుంది. హన్నమ్మ అది చూసింది. ఓబులేసు మాటను అతను నమ్మాల్సిన పని లేదు, ఆమె మాటను ఎప్పుడో నమ్మేశాడు. ఇప్పుడు నోరు విప్పితే రేపు చర్చిలో అందరూ తనను ఎలా చూస్తారో కూడా ఆమెకు తెలుసు. అందుకే టీ వడగట్టింది. వడగట్టిన టీనే మళ్ళీ వడగట్టింది.

ఓబులేసు మాత్రం ఇప్పుడే సముద్రం దగ్గరికి చేరాడు. పోవడమే బాగని తీర్పు చెప్పేసరికి ఆ మాట సోమాలియాకు చేరి, ఉన్నవాళ్ళు కూడా మూటాముల్లె కట్టుకుని దేశం విడిచారట. వాకిలి వేసేందుకు కూడా మనిషి మిగల్లేదు. ఆ దేశపు పెద్దాయన ఫోను చేసి, ఓబులేసప్పా, నేనొక్కణ్ణే ఉన్నాను, గాలికి తలుపులు కొట్టుకుంటున్నాయి, కాస్త జనాన్ని వదులు అని బతిమాలాడట. జాలి గుండె ఆయనది. ఓడ కోసం చూడకుండా ఆ లేచిన ఒంటెనే సముద్రంలో దింపి, తోక పట్టుకుని ఈదుకుంటూ పోయాడు.

"పోయి చూస్తే నేలంతా నెర్రెలు. ఇట్లుంటే జనం యాడ నిలుస్తారు? నేను వేపపుల్ల తీసుకుని నడిస్తి. ఒకచోట పుల్ల గిర్రున తిరిగె. ఈడ బోరెయ్ అంటి. ఎవరితో అంటి, మనుషులే ల్యాకపాయె. నేనే చేత్తో గుచ్చితి. నీళ్ళు లేసినాయి సూడు, మేఘం దాటి పొయినాయి. ఆ యేడు కుందూకు వరద వచ్చి నంద్యాల వీధుల్లో పుట్టీలు తిరిగినాయే, ఆ నీళ్ళు యాడివనుకుంటాండారు? నల్లమల వాననా? కాదు. నా బోరు నీళ్ళు!"

"మా ఇంట్లో బియ్యం మూట తడిసిపాయె గదన్నా ఆ పొద్దు," అన్నాడు డేనియల్. "నువ్వేనా?"

"తెలీక చేసినాలే. మనసులో పెట్టుకోవద్దు." ఓబులేసు గ్లాసు అడుగున మిగిలిన టీ తాగి, సంజీవయ్య భుజం మీద చెయ్యేశాడు. "నేను చెప్పొచ్చేదేందంటే, పోయినోడే రాజు. పరాయి దేశంలో సోమాలియోని చేతికి నాలుగు వాచీలు. రెండేండ్లు ఒకే పళ్ళెం కాడ కూర్చుని ఎనిమిది మందిమి చేతులు కలిపి తింటిమి, నాకు తెల్దా? ఇంటికాడ ఒక పూట తిననోడు ఆడ ఐదు పూటలు తినె. బిడ్డను పంపు. కండ్లు మూసుకుని ఫైలు ఇచ్చెయ్."

సంజీవయ్య ఫైలు చంకలో పెట్టుకుని లేచాడు. బస్టాండు దగ్గర జీపు ఆగే వేళయింది. వందన ఇంకా కూర్చునే ఉంది, హన్నమ్మ వంకే చూస్తూ.

హన్నమ్మ స్టవ్వు ఆర్పింది. ఆ అంగట్లో ఆ వేళప్పుడు స్టవ్వు ఆరడం ఎవరూ చూడలేదు.

"ఓబులేసన్నా, ఒక్క మాట. రెండేండ్లు సోమాలియోళ్ళ పళ్ళెంలో తింటివి గదా. అన్నం పక్కన ఏం పెట్టుకుంటారు వాళ్ళు?"

ఇది కూడా ఒక ప్రశ్నేనా అన్నట్టు నవ్వాడు ఓబులేసు. "ఏముంది హన్నమ్మా, మిరపకాయ బజ్జీ. అబ్దికి నాలుగు బజ్జీలు పడకపోతే ముద్ద దిగేది కాదు."

ఆమె అంగడి ముందు వేలాడుతున్న గెల నుంచి ఒక పండు తుంచింది. ఆ గెల ఓబులేసు తోటదే. దాన్ని సాసరులో పెట్టి ఆయన ముందు ఉంచింది.

"ఇది. అరటిపండు. కూర లేకున్నా తింటారు, మాంసం లేకున్నా తింటారు, పండు లేకపోతే అన్నం ముట్టరు. ముద్దముద్దకూ ఇంత తుంచి కలుపుకుంటారు. రెండేండ్లు అక్కర్లేదన్నా, ఒక్క పూట వాళ్ళ పళ్ళెం కాడ కూర్చున్నోనికి తెలుస్తుంది. నువ్వు పండించేదే, నీకు తెలీకపాయె."

"ఆ యేడు ఆడ పండ్లు కాయలేదు," అన్నాడు ఓబులేసు. ఆ మాట ఆయనకే నచ్చినట్టు లేదు, సగంలోనే గొంతు తగ్గింది.

సంజీవయ్య ఆమె వైపు తిరిగాడు. "ఆసుపత్రిలో సోమాలియోళ్ళు కూడా ఉంటారా అక్కా?"

ఇంతదాకా వచ్చాక దాచడానికి ఏమీ లేదు. హన్నమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఆసుపత్రి లేదు సంజీవయ్యా. ఇల్లు. పద్నాలుగు మంది ఉండే ఇల్లు. పదకొండేండ్లు ఆడ అంట్లు తోమినా, బాత్రూములు కడిగినా. తెల్లకోటు నేను అంగట్లో కూడా చూడలా. వంటింట్లో నాతోపాటు హలీమా అని సోమాలియా ఆమె ఉండె. రాత్రి మిగిలిన అన్నం ఇద్దరం తింటాంటిమి. యజమానురాలు పండ్లు బీరువాలో పెట్టి తాళం వేసుకునేది. హలీమా కొలాయి కాడ కూర్చుని, పండు లేని అన్నం ముందర పెట్టుకుని, వాళ్ళమ్మకు ఫోను చేసేది. ఏం చెప్పినావంటే, ఈ పూట రెండు పండ్లు తిన్నానని చెప్పినా అనేది. ఆమె ఫోను పెట్టేస్తే నేను తీసుకుని మా అమ్మకు చేస్తాంటి. నేను చెప్పిన కోతల ముందర ఓబులేసన్నవి ఏపాటి? ఆయన కోతలు విని ఎవరూ విమానం ఎక్కరు. నా మాట చెప్పి నీ బిడ్డను ఎక్కిస్తాండారు."

 డేనియల్ నేల చూశాడు. చర్చిలో రెండో వరుసలో హన్నమ్మ పక్కనే అతని తల్లి కూర్చుంటుంది.

"హలీమా బాగుపడిందా అత్తా?" అని అడిగింది వందన.

 ఈసారి నిజమే చెప్పాలని ఉంది హన్నమ్మకు, ఆ నిజం ఏదో ఆమెకే సరిగ్గా తెలియదు. "ముగ్గురు పిల్లలను వాళ్ళమ్మ కాడ ఇడిసి వచ్చింది. ఇంటికాడ ఉన్నన్నాళ్ళూ ఆ పిల్లలకు తిండి లేకపాయె. ఆడికి వచ్చినాంక తిండి ఉండె, పిల్లలు లేకపాయె. పెద్దోడు బడికి పోతాండాడని మురిసిపోయేది, వాని మొగం మర్చిపోయినానని ఏడ్చేది. బాగుపడిందా చెడిందా నేను చెప్పలేను వందనా. పోవద్దనీ చెప్పను. ఏ ఇంటికి పోతాండావో తెలుసుకుని పో."

వందన లేచి తండ్రి చంకలోని ఫైలు తీసుకుంది. "ఆ జీపాయన్ను ఆసుపత్రి పేరు, ఊరు, ఫోను నంబరు కాగితం మీద రాసిమ్మని అడుగుదాం నాయనా. నేనే ఫోను చేసి కనుక్కుంటా. అంతదాకా ఇది నా కాడే ఉంటాది."

సంజీవయ్య తలాడించాడు. హన్నమ్మ వైపు చూసి కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె స్టవ్వు మళ్ళీ వెలిగించింది.

ఓబులేసు సాసరులో పండు వంక చూస్తూ కూర్చున్నాడు. తినలేదు, పక్కకు జరపనూ లేదు. అంగట్లోంచి దిగబోతున్న వందన ఆయన ముందు ఆగింది. ఆ పిల్ల గొంతులో వెక్కిరింపు లేదు.

"మామా, ఆ రెండేండ్లు నువ్వు యాడుంటివి?"

ఆయన చుట్టూ చూశాడు. ఒంటె ఎక్కడా కనిపించలేదు.

"బొంబాయి దాకా పోతిని," అన్నాడు మెల్లిగా. "వీసా దొంగదని తేలె, ఆన్నే ఇడిసిపెట్టి పాయె ఏజెంటు. మెడలో దండలేసి ఊరంతా సాగనంపిరి గదా, ఏ మొగం పెట్టుకుని రావాల? తిరుగు రైల్లో ఊరిదాకా రాకుండా డోన్లోనే దిగిపోతి. రైల్వే స్టేషన్ కాడ ఒక హోటల్లో పనికి కుదురుకుంటి."

"రెండేండ్లూనా?"

"రెండేండ్లూ."

"ఆడ అన్నం పక్కన ఏం పెడతారు మామా?"

"మిరపకాయ బజ్జీ," అన్నాడు ఓబులేసు. "ఇది మాత్రం నిజం."