రేవు గుంజ

అది 1968 ఎండాకాలం. గోదావరిఖని దగ్గర ఒక రేవులో పడవ నడిపే ఐలవ్వ గుడిసె ముందు పంచాయతీ గుమాస్తా నోటీసు పట్టుకుని నిలబడ్డాడు.

"నీళ్లకు యాభై గజాల లోపల ఏది కట్టినా తియ్యాలె, ఐలవ్వా. రేపటిదాక టైము."

"మరి సర్పంచి బామ్మర్ది గోదాము? అది నా గుడిసెకన్న నీళ్లకు దగ్గరున్నది."

"దానికి పర్మిషనున్నది."

"ఎవలిచ్చిన్రు?"

"పంచాయతీ."

"నాకు గూడ ఇయ్యుండ్రి. ఇరవై ఏండ్ల సంది ఈడనే ఉంటున్న."

"పట్టా తే, చూస్తం."

"ఏటి ఒడ్డుకు పట్టా ఎవలిస్తరు సారూ?"

"నాతోని వాదించకు. గుడిసె, పందిరి, పడవ కట్టే గుంజ, అన్నీ ఇందుల రాసున్నయ్."

"గుంజ గూడనా?"

"గుంజ గూడ."

ఐలవ్వ గడ్డపార తెచ్చి గుంజ చుట్టూ తవ్వడం మొదలుపెట్టింది.

"ఇప్పుడే ఎందుకు? ముందు నన్ను మంచిర్యాల దిక్కు దించు. ఇంటికి పోవాలె."

"గుంజ పోయినంక ఇది రేవు కాదు సారూ. ఈడ మనుషులను ఎక్కించుకుంటే రేపు ఇంకో నోటీసు తెస్తవ్."

"మజాక్ చేస్తున్నవా? నేనెట్ల పోవాలె?"

"సర్పంచినడుగు."

ఊడిన గుంజను పడవలో వేసుకుని ఆమె తెడ్డు అందుకుంది. గుమాస్తా చెప్పులతోనే మోకాలి లోతు నీళ్లలోకి దిగాడు.

"ఎటు పోతున్నవే?"

"అవుతలి ఒడ్డు మీ పంచాయతీది కాదు. ఆడ పాతుకుంట."