సీసాలో ఎవరి నీళ్ళు

గాజువాకలో ఒక ఇంటి వరండా, ఉదయం పది గంటలు. గేటు బయట ఖాళీ బిందెలతో పదిహేనుమంది ఆడవాళ్ళు. లోపల రోజారమణి, ఆవిడ భర్త శ్రీరామ్మూర్తి, నీళ్ళ పరీక్ష రిపోర్టు తెచ్చిన లేబు అమ్మాయి నీలిమ.

"అలగ కాదమ్మా, గట్టిగా సదువు. గేటు బయట మావోళ్ళకి కూడా ఇనపడాలి."

"చదువుతాను ఆంటీ. ముందు మీరు కూర్చోండి."

"నాను కూకోను. కూకుంటే కోపం సల్లారిపోద్ది. ఆర్నెల్లనుంచి మొత్తుకుంటన్నాను, ఆ పక్క అపార్ట్‌మెంటోళ్ళు వాళ్ళ బాత్రూము నీళ్ళు మిషన్లో తిప్పి మా గోడవతల మట్టిలోకి ఒదిలేత్తన్నారు, అయ్యి ఇంకి ఇంకి మా నూతిలోకి దిగిపోతన్నాయి అని. ఒక్కరు ఇన్నారేటి? ఈయన ఇన్నారేటి?"

"నాను ఇన్నాను రవణీ. రోజూ ఇంటన్నాను. పొద్దున్నొకసారి, పడుకునే ముందొకసారి."

"ఇని ఏటి సేసేరు? నీలిమమ్మా, మా నూతి నీళ్ళంటే ఏటనుకున్నావ్. మూడు ఈలలకి కందిపప్పు ముద్దయిపోయేది. ఈదంతా టీకి మా నీళ్ళే పట్టుకెళ్ళేవోరు. గంగాలమ్మ పిన్ని తిరపతి ఎల్తే సీసాల్లో పట్టుకెల్లింది. ఇప్పుడావిడే మా సెంబు ముక్కు దగ్గర ఎట్టుకుని, నాకు దాహం నేదే అంటంది. నాకు తల కొట్టేసినట్టయిపోయిందమ్మా."

"అందుకే కదా ఆంటీ టెస్టు చేయించాం."

"ఈరోజు ఆ కాయితం సేత్తో పట్టుకుని అపార్ట్‌మెంటు గేటు కాడ కూకుంటాం. పైపు మూసీదాకా లెగం. 'మా నుయ్యి మాకు కావాలి' అని బేనరు కూడా రాయించీసాం. మైకు సెట్టు ఒత్తంది. సదువు."

"రవణీ, పిల్ల ఎండనపడి వచ్చింది. కొంచెం కాఫీ అయినా తాగనీ."

"ఏ నీళ్ళతో ఎట్టమంటారు? ఆఁ? సెప్పండి. నువ్వు సదువమ్మా."

"సరే. రోజారమణి గారి నుయ్యి. మీరు నింపి ఇచ్చిన సీసా. నైట్రేటు పద్దెనిమిది. నలభై అయిదు దాటకూడదు, మీది చాలా లోపలే ఉంది. ఉప్పదనం కొంచెం ఎక్కువ. బాక్టీరియా ఉంది గానీ బాగా తక్కువ."

"అంటే?"

"అంటే అంత చెడ్డ నీళ్ళేం కాదు ఆంటీ."

"సూసావా రవణీ, నాను మొదట్నించీ అదే సెప్తన్నాను. మంచి నుయ్యి మనది. గంగాలమ్మ పిన్నిని బిందెలు అట్టుకుని ఇంటికెల్లిపోమను, ఎండ పేలిపోతంది. ఆగమ్మా, బాక్టీరియా ఉందన్నావేటి?"

"కొంచెం ఉందంకుల్."

"కొంచెం కూడా ఉండకూడదే."

"ఎందుకుండకూడదంకుల్?"

"ఊరికే. అనుకున్నాను."

"ఈయన అనుకున్నదెవడిక్కావాలి. నీలిమా, ఇది కుదరదు. ఆ నీళ్ళు బాగుండడమేటి? నానే కదా..."

"మీరే కదా?"

"నానే కదా రోజూ తోడతన్నాను అంటన్నాను. నాకు తెలీదేటి."

"ఆంటీ, సీసా ఇచ్చినప్పుడు నేనేం చెప్పాను? పది బకెట్లు తోడి పారబోసి, పదకొండోది నింపమన్నాను. అలాగే నింపారా?"

"అలాగే నింపేం."

"ఎవరు నింపారు?"

"నాను."

"నాను."

"ఇద్దరూనా?"

"నానే నింపేనమ్మా. తెల్లారకముందే నింపి, మూతెట్టి, ఫ్రిజ్జులో ఎట్టేను. మళ్ళీ నువ్వెందుకు నింపేవు రవణీ?"

"అసలు మీరెందుకు నింపేరు? పెళ్ళయ్యి ముప్ఫై ఏళ్ళయ్యింది, ఏనాడైనా ఒక్క సెంబుడు నీళ్ళు తోడేరా? ఆరోజే ఎందుకు పుట్టింది ఆ బుద్ధి?"

"నువ్వు అలిసిపోతన్నావని. పది బకెట్లు తోడాలంటే మాటలేటి."

"అంకుల్, పది బకెట్లూ తోడారా?"

"తోడకపోతే? తోడి, పారబోసి, సీలు తీసి, జాగర్తగా పోసేను."

"ఏం సీలు?"

"ఏ సీలండీ?"

"సీలన్నానా?"

"అన్నారు. నాను ఇన్నాను. ఈ పిల్లా ఇన్నాది. మన నూతికి సీలు ఎప్పుడేసేరు?"

"కేను సీలు. ఇరవై లీటర్ల కేను. నీళ్ళ బండి కుర్రోడి దగ్గర కొన్నాను. సరేనా?"

"ఓలమ్మ. కొన్న నీళ్ళు పోసి నూతి నీళ్ళని ఇచ్చేరా? ఎందుకూ?"

"రిపోర్టు బాగా వత్తే నువ్వు ధర్నా మానుకుంటావని."

"నాను ధర్నాకెల్తే మీకేటి నొప్పి?"

"నొప్పేటుంటాది. పక్కోళ్ళతో పేచీ ఎందుకని."

"పక్కోళ్ళ పేరు కూడా తెలీదు మీకు."

"గుణశేఖర్ గారు."

"ఎవరా గుణశేఖరు?"

"ఆ అపార్ట్‌మెంటు సెక్రటరీ. మంచోడు. మనిషి సెడ్డోడు కాదు రవణీ."

"మీకెలా తెలుసు? ఆగండాగండి. పొద్దున్నే పాల పేకెట్టుకని ఎల్లి గంటన్నర తరవాత ఒత్తన్నారు. రెండు నెల్లనుంచి. ఎక్కడికెల్తన్నారు?"

"వాళ్ళ క్లబ్బు గదిలో కేరమ్స్ ఆడతన్నాను."

"కేరమ్సా?"

"ముప్ఫై రెండేళ్ళు స్టీలు ప్లాంటులో క్రేను తిప్పిన సెయ్యి. స్ట్రైకరు గీత మీద ఎడితే గీత మీదే పోతాది. సెమీఫైనలు నెగ్గీసాను రవణీ. ఆదివారం ఫైనలు. నువ్వెల్లి వాళ్ళ గేటు కాడ మైకెట్టుకుని కూకుంటే నన్ను లోపలికి రానిత్తారేటి?"

"మీ కాయిన్ల కోసం నా నుయ్యి సంపేసేరు."

"సంపలేదు, బాగుందనిపించేను. సదివింది ఇన్లేదా?"

"ఇన్నాను. అది మీ కేను నీళ్ళు కాదు. మీ నీళ్ళు నాను సింకులో పారబోసేను."

"ఎందుకూ?"

"మీ మీద నమ్మకం నేక."

"మరి సీసాలో ఏం పోశారు ఆంటీ?"

"నీళ్ళే."

"ఏ నీళ్ళు?"

"కొంచెం సిన్నగా అడగమ్మా. బయట మావోళ్ళకి ఇనపడిపోద్ది."

"చెప్పండి ఆంటీ."

"వాళ్ళ పైపు నీళ్ళు. గోడెక్కి, సెయ్యి సాపి పట్టేను."

"మోకాళ్ళ నొప్పులని మేడ కూడా ఎక్కవు. గోడెలా ఎక్కేవు?"

"కోపం మీద ఎక్కేను. దిగడానికే గంట పట్టింది. నైటీ ముక్క ఇంకా ఆ గోడ మీదే ఉంది. మీరు పాల పేకెట్టుకెళ్ళి ఉన్నారు."

"ఎందుకు ఆంటీ అలా?"

"ఎందుకేటమ్మా. వాళ్ళ నీళ్ళే పంపితే ఎంత సెడ్డగా ఉన్నాయో బేగి తేలిపోద్దని. మా నూతిలో ఉన్నయ్యీ అవే కదా, ఎక్కడ పడితే ఏటి? తీరా సూత్తే నువ్వు బాగున్నాయంటన్నావు. బాత్రూము నీళ్ళు బాగుండడమేటి?"

"శుభ్రం చేసి వదుల్తున్నారు ఆంటీ. తాగడానికి కాదు, మొక్కలకి. మట్టిలోంచి దిగేటప్పుడు మట్టి ఇంకొంచెం వడకడుతుంది. అలాగని ఏం కాదులే అని ఊరుకోకూడదు, ఉప్పూ నైట్రేటూ మట్టికి ఆగవు, నీళ్ళతోపాటే కిందకి పోతాయి. వాళ్ళ బోరు కూడా చూశాం. ఆ పైపు పక్కనే ఉంది. అందులో నైట్రేటు ఈ ఏడాది కొంచెం పెరిగింది."

"పెరిగింది. ఇన్నారా? పెరిగిందంట."

"ఇరవై నాలుగు ఆంటీ."

"నలభై అయిదు కదా హద్దు? అంటే ఇంకా బోలెడుంది. సరే, మన నుయ్యి పరీక్షే అవ్వలేదు కాబట్టి ధర్నా వాయిదా. సోమవారం ఎట్టుకుందాం, ఫైనలు కూడా అయిపోద్ది."

"మీ నుయ్యి పరీక్ష అయిందంకుల్. ఇంకో సీసా ఉంది."

"ఇంకోటా?"

"ఖాళీ సీసా ఇద్దామని వచ్చిన రోజు, ఆంటీ లోపలికెళ్తే నేనే తోడి నింపుకున్నాను. ఏ ఇంటికెళ్ళినా అంతే చేస్తాను. ఇచ్చిన సీసాలే నమ్ముకుంటే ఈ పాటికి గాజువాక మొత్తం మినరల్ వాటరే."

"నా తల్లే. బంగారం లాటి గుంటవి. సదువు. ఇప్పుడు గట్టిగా సదువు."

"నైట్రేటు నూట ముప్ఫై. బాక్టీరియా, లెక్కపెట్టడానికి వీల్లేనన్ని."

"పిన్నీ, ఇన్నావా? నూట ముప్ఫై. లెక్కే నేదంట. లెగండి, బేనరు అట్టుకోండి. ఏటండీ, ఇప్పుడు సెప్పండి మీ గుణశేఖరు మంచోడని."

"ఒక్క నిమిషం ఆంటీ. వాళ్ళ పైపులో పద్దెనిమిది. పైపు పక్కన బోరులో ఇరవై నాలుగు. మీ నూతిలో నూట ముప్ఫై. అక్కణ్ణించి వచ్చే నీళ్ళయితే దారిలో అంత ఎలా పెరుగుతాయి?"

"పెరుగుతాయి. వాళ్ళు అలాటోళ్ళే."

"వేరే ఏదో ఉంది. ఇంకా దగ్గర్లో. ఆర్నెల్ల కిందట మీ ఇంట్లో కొత్తగా ఏమైనా జరిగిందా?"

"మా ఇంట్లో ఏటి జరుగుద్ది. మేడ మీద పోర్షను అద్దెకిచ్చేం. ఎనిమిదిమంది కుర్రోళ్ళు, కంపెనీల్లో కాంట్రాక్టు పని. అంతే."

"అంకుల్, మీ సెప్టిక్ ట్యాంకు ఎక్కడుంది?"

"నూతి యెనకే. పది పన్నెండడుగులు ఉంటాది. నానే దగ్గరుండి కట్టించేను. మేస్త్రీ అడుగున కాంక్రీటు ఎయ్యాలన్నాడు, నాను ఒద్దన్నాను. భూమి సల్లగా పీల్చుకుంటాది, నీకెందుకురా అన్నాను."

"చివరిసారి క్లీనింగ్ బండి ఎప్పుడు పిలిచారు?"

"బండా? మా ఇంటికా? ఆ ఎదురింటోళ్ళు ఏడాదికోసారి పిలుత్తారు, ఈదంతా కంపు. మాది అలాటి కట్టుబడి కాదమ్మా. ఇరవై రెండేళ్ళు. నలుగురం ఉన్నప్పుడూ అంతే, ఇప్పుడు పైన ఎనిమిదిమంది దిగినా అంతే. ఒక్కసారి నిండితే ఒట్టు."

"ఏటండీ."

"ఏటి రవణీ."

"ఇరవై రెండేళ్ళది, నిండకుండా ఎక్కడికెల్లిందండీ?"