మజ్లిస్‌లో పొగ

అరబ్బు దేశంలో, అబ్హా కొండ మీద కఫీల్ ఇల్లు; కఫీల్ అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని. వంటవాడు భూషణంది నరసాపురం వైపు, డ్రైవర్ దిలావర్‌ది కడప. అతిథులను కూర్చోబెట్టే మజ్లిస్ గదిలో చలి కాచుకునే కట్టెల పొయ్యి ఉంది. వంటింటి గుమ్మంలో ఇద్దరూ దాని గురించే గొడవపడుతున్నారు.

"మళ్లీ ఎలిగించమన్నాడా?"

"మళ్లీనే."

"ఇందాక ఉక్కపోస్తంది, ఆర్పెయ్యమన్నాడు కదా దిలావర్ బాయ్!"

"అప్పుడు ఎండ గాసె. ఇప్పుడు వడగండ్లు పడె. నన్నేం చేయమంటావప్పా, ఆకాశం నా చేతిలో ఉందా?"

"పొద్దుట్నించి నాలుగుసార్లు! ఎలిగించు, ఆర్పు, ఎలిగించు, ఆర్పు. నేనా పొయ్యినైతే ఈపాటికి తన్నేద్దును."

"తన్ను. తన్ని, సెలవడుగు."

"...ఎలిగిస్తాన్లే."

"ఆ కట్టెలేంది, నీళ్లు కారుతుండాయి?"

"ఎండగా ఉంది కదాని పెరట్లో ఆరబెట్టాను. ఆయ్, ఆరబెట్టడం కూడా తప్పేనా?"

"ఈ పొద్దు వస్తాండేది ఎవరో తెలుసునా నీకు?"

"ఎవరో అన్నగారంట."

"సొంత అన్న. దానిమ్మతోట కాడ తగువై తొమ్మిదేండ్లుగా మాటల్లేవు. మీరిద్దరూ ఒకచోట కూచుంటే తప్ప మందు మింగనని వాళ్లమ్మ మొండికేసిందంట. అందుకే వస్తాండాడు."

"అందుకేనా మావోడు పొద్దుట్నించి కనపడ్డోణ్ణల్లా తిడుతున్నాడు!"

"ఇది గూడా చెడిందనుకో, నీ సెలవు కాగితం ఆ పొయ్యిలోనే ఏస్తాడు."

"అలా అనకు బాయ్. నా చంటి కూతురికి రెండేళ్లు నిండాయి, ఒక్కసారీ ఎత్తుకోలేదు. ఫోన్లో నన్ను చూసి తాతా అంటంది."

"గడ్డం గీసుకో మల్ల."

"నవ్వకు బాయ్. నవ్వకు."

గంట తర్వాత, అదే గుమ్మం. బయట పొగమంచు కమ్మేసింది.

"ఏం జేసినావప్పా భూషణం? గదినిండా పొగ!"

"మంచు దిగాక గాలి తిరగబడింది బాయ్! పొగంతా గొట్టంలోంచి ఎనక్కొచ్చేసింది."

"కిటికీ తెరవకూడదా?"

"ఆళ్లిద్దరూ ఎదురెదురుగా బిగుసుక్కూర్చున్నారు. ఆయన లేవాలని ఈయన, ఈయన లేవాలని ఆయన! మధ్యలో నేనెళ్తే పొయ్యిలో పెడతారు."

"నేను పోయి తెరిచొచ్చినాలే. ఇద్దరికీ దగ్గు. కండ్లల్లో నీళ్లు ధారగా కారుతుండాయి."

"అయిపోయింది. నా పని అయిపోయింది."

"పొయ్యి ఎవరు ఎలిగించినారని మనోడు అడిగినాడు."

"నువ్వేం చెప్పావ్?"

"నీ పేరే."

"చెప్పేశావా! ఒకేసారి పంపించేత్తాడా? పెట్టె సర్దుకోనా?"

"సర్దుకో."

"బాయ్, ఊరికే అన్నాను!"

"నేను ఊరికే అనల్యా. రెండు నెలలు సెలవు. టికెట్టు గూడా ఆయప్పదే."

"పొగబెట్టినందుకా? ఎందుకిచ్చాడు?"

"పెద్దాయన మనోడి కండ్లు చూసి, 'తమ్ముడా, ఇన్నేండ్లూ నా కోసం ఇట్లనే ఏడుస్తాంటివా' అని వాటేసుకున్యాడు. మనోడు పొగ అని చెప్పల్యా."